పట్టిక పాకమవుతుందా?



గత నెలలో నా ఒరెగాన్ ప్రయాణ విశేషాలు వ్రాస్తూ, పోర్ట్‌లాండ్ దగ్గర ఉంటున్న మా అబ్బాయి తన ఇంటి గరాజులో పేల్ ఏల్ అనే తరహా బీరును స్వయంగా కాచుకుంటాడనీ, దాని పాకవిధిని తానే రూపొందించుకోవడం నేర్చుకున్నాడనీ ఒక్క వాక్యం వ్రాశాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని వ్యాఖ్యలు, యతిప్రాసల మీద నేను చెమటోడ్చి వ్రాసిన పన్నెండు టపాలకూ కలిపి రాలేదు. సంతోషమే. లోకం దేనికి చెవి ఒగ్గుతుందో ఈ వయసులోనైనా తెలిసింది.

వచ్చిన వ్యాఖ్యలలో రెండు నన్ను నిద్రపోనివ్వలేదు. ఒక మిత్రుడు, "సారా ఉద్యమం గురించి వ్రాసిన చేత్తోనే బీరు గురించి వ్రాస్తారా, పంతులుగారూ? ఇదేనా మీ భాషాసేవ?" అని నిలదీశారు. అమెరికాలోనే ఉంటున్న మరొక మిత్రుడు సరిగ్గా దానికి ఎదురుదిక్కు నుంచి వచ్చి, "అందులో రూపొందించడానికి ఏముందండీ? పేరున్న ప్రతి బీరుకూ రెసిపీ అంతర్జాలంలో దొరుకుతుంది. దించుకోవడం, కాచుకోవడం, అంతే" అని తేల్చేశారు. మొదటివారికి నాలో పతనం కనిపించింది. రెండవవారికి చాదస్తం కనిపించింది. ఇద్దరికీ కలిపి సమాధానం చెప్పడానికే ఈ టపా. కొంచెం పొడుగైనది. ఓపిక ఉన్నవారు మొత్తం చదవండి. లేనివారు చివరి రెండు పేరాలు చదివి తిట్టండి.

మొదటి ఆక్షేపణకు ముందు జవాబు. నేను తాగను. ఇది గొప్పగా చెప్పుకోవడం లేదు. నాకు ఆ దారి చిన్ననాడే మూసుకుపోయింది. మా పెద్దక్క భర్త సారాకు బలైపోయినవాడు. పొట్లంలో ఏమి పోశారో అమ్మినవాడికి తెలియదు, తాగినవాడు అడగలేదు. 1992లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరుగుతున్నప్పుడు రాత్రి బడిలో లాంతరు పెట్టుకొని పలకల మీద అక్షరాలు దిద్దించిన ఉపాధ్యాయులలో నేనూ ఒకణ్ణి. దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించిన ముచ్చటను మా బడికి వచ్చే తల్లులు ఎలా చెప్పుకున్నారో నా చెవులతో విన్నాను. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది సడలిపోయింది. ఈ మూడింటినీ చూసినవాణ్ణి. మద్యం ఏ కొద్దిపాటి మోతాదులోనూ ఆరోగ్యానికి నిరపాయం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పిన మాటను కూడా చదివినవాణ్ణి. ఇంట్లో కాచినదైనా, సీసాలో కొన్నదైనా మద్యం మద్యమే.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పి పక్కన పెడతాను. మన రెండు తెలుగు రాష్ట్రాలలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం ఎక్సైజు చట్టం ప్రకారం నేరం. ఈ టపా చదివి ఎవరూ వంటింట్లో ప్రయోగాలు మొదలుపెట్టవద్దు. అమెరికాలో 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో వచ్చిన చట్టం, 1979 ఫిబ్రవరి నుంచి, సొంత వాడకానికి ఇంట్లో బీరు కాచుకొనేవారిని పన్ను నుంచి మినహాయించింది. ఇంట్లో పెద్దవారు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు గాని అంతకు మించి గాని ఉంటే 200 గ్యాలన్లు హద్దు. అమ్మరాదు. రాష్ట్రాల అనుమతి వేరే కావాలి. చివరగా మిస్సిసిపి, అలబామా 2013లో ఒప్పుకున్నాయి. మా వాడు చేసేది ఆ హద్దులోపలి పని.

ఇక, పండితుడు ఇటువంటి సంగతి ముట్టుకోరాదా? కౌటిల్యుడు ముట్టుకున్నాడు. అర్థశాస్త్రం రెండవ అధికరణంలో సురాధ్యక్షుడికి ఒక అధ్యాయమే ఉన్నది. మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని ఆరు విధాలు చెప్పి, వాటిలో పడే నీటికీ ధాన్యానికీ కొలతలు కూడా ఇచ్చాడు. అదే అధ్యాయంలో మద్యం అమ్మకానికి కట్టుదిట్టాలు పెట్టాడు. గృహస్థులు శుభకార్యాలకు శ్వేతసురను చేసుకోవచ్చునని సడలింపూ ఇచ్చాడు. పులియబెట్టే ద్రవ్యానికి అక్కడ వాడిన మాట కిణ్వం. ఈనాడు మన పిల్లలు సైన్సు వాచకంలో చదివే కిణ్వనం అనే మాట దాని సంతానమే. ఒక సంగతిని తెలుసుకోవడం వేరు, దానికి దాసుడు కావడం వేరు. తెలియనిదాన్ని ఖండించేవాడి ఖండన ఎవరి చెవికీ ఎక్కదు. రాత్రి బడిలో నేను నేర్చుకున్న పాఠం అది. ఆ తల్లులకు సారా లెక్కలు ఎక్సైజు వారికంటె బాగా తెలుసు, అందుకే గెలిచారు.

ఇప్పుడు రెండవ మిత్రుడి దగ్గరకు వస్తాను. ఈ టపాలో అసలు జగడం ఆయనతోనే.

నేను వెళ్ళిన వారం మా వాడు కాచినది పాడైంది. పాడైనదంటే పులిసిపోలేదు, బూజు పట్టలేదు. ముగ్గురు స్నేహితులు వచ్చి తలా ఒక గుక్క తాగి, మర్యాదకు "బాగుంది" అని గ్లాసులు బల్లమీద పెట్టేశారు. మళ్ళీ ఎత్తలేదు. పిల్లవాడు మూడు రోజులు ముఖం వేలాడవేసుకొని తిరిగాడు. నాకు బీరు తెలియదు గాని ఆ ముఖం తెలుసు. పద్యం వ్రాసి తెచ్చి, మాస్టారు ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేసిన విద్యార్థి ముఖం అది.

"ఏదిరా, నీ నోటుపుస్తకం ఇలా తీసుకురా" అన్నాను.

"మీకెందుకు నాన్నా, మీకు నచ్చని వ్యవహారం" అన్నాడు.

"నచ్చకపోతే మార్కులు వేయకూడదనే నియమం మా సర్వీసులో లేదు. తీసుకురా."

తెచ్చాడు. చూద్దును గదా, ఆ పుటలో ఎనిమిది రకాల మాల్టులు, ఐదు రకాల హాప్స్ ఉన్నాయి. మన ఇళ్ళలో రాగి మాల్ట్ తెలియనివారు లేరు గనుక మాల్ట్ అంటే విడమరచి చెప్పనక్కరలేదు: గింజను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టినది. ఇక్కడ గింజ బార్లీ. హాప్స్ అనేవి ఒక తీగకు కాసే పచ్చని పూలగుత్తులు; చేదు, సువాసన వాటి పని. ఎర్రకలం తీసుకొని మొదటి పంక్తి మీద వేలు పెట్టి, "ఇది ఎందుకు?" అన్నాను. చెప్పాడు. రెండవది ఎందుకు? కొంచెం తడుముకొని చెప్పాడు. మూడవది, నాలుగవది? "ఒక ప్రసిద్ధమైన బీరులో వేస్తారట." ఐదవది? "ఇంకొక రెసిపీలో చూశాను." ఆరవది? "కొంచెం మిగిలి ఉంటే వేశాను." హాప్స్ ఐదూ ఎందుకు? "అందరూ మెచ్చుకొనేవి అవే నాన్నా."

మా గురువులు పద్యం చెప్పేటప్పుడు ప్రతిపదానికీ ప్రయోజనం అడిగేవారు. ఏ పదానికి ప్రయోజనం చెప్పలేమో అది వ్యర్థపదం. గణం నింపడానికి కవి తెచ్చి ఇరికించినది. వ్యర్థపదాలతో నిండిన పద్యానికి యతి కుదురుతుంది, ప్రాస కుదురుతుంది, గణాలు లెక్కకు సరిపోతాయి. పద్యం మాత్రం లేవదు. మా వాడి బీరు సరిగ్గా అదే. అందులో క్రిస్టల్ మాల్ట్ అనే తీపి, రంగు ఇచ్చే గింజ మొత్తం మీద ఐదో వంతుకు దగ్గరగా ఉన్నది. దానిలోని చక్కెరలో కొంత భాగాన్ని ఈస్ట్ తినలేదు. అది తీపిగా మిగిలిపోతుంది. ఆ తీపి మీద ఐదు హాప్స్ ఐదు కంఠాలతో ఒకేసారి పాడాయి. ఒక్కటీ వినబడలేదు.

మిత్రమా, మీరు "దించుకుని కాచుకోవడమే" అన్నారు. మా వాడు చేసినది అదే. కాకపోతే ఒకదాని బదులు ఐదింటి నుంచి దించాడు.

పోనీ, ఒక్కదాన్నే యథాతథంగా దించుకుంటే? దానికీ చరిత్ర జవాబు చెబుతుంది. ఇంగ్లండులోని బర్టన్ అపాన్ ట్రెంట్ అనే ఊరు 19వ శతాబ్దంలో పేల్ ఏల్‌కు పెట్టింది పేరు. ఇండియాకు ఓడలలో వచ్చిన పేల్ ఏల్‌లో మొదట పేరు తెచ్చుకొన్నది లండన్‌లోని హాడ్జ్‌సన్ అనే తయారీదారుడిది. 1820ల నుంచి బర్టన్ వారు ఆ వ్యాపారంలోకి దిగి అతణ్ణి దాటిపోయారు. దానిలో మర్మం బర్టన్ బావి నీటిలో ఉన్నది. ఆ నీటిలో జిప్సం అధికం; అందులోని సల్ఫేట్ హాప్స్ చేదును పదునుగా, పొడిగా నిలబెడుతుంది. లండన్ నీరు అందుకు అనువైనది కాదు. ఎంత పేరున్న లండన్ కంపెనీలైనా ఆ తరహా ఏల్ కావాలనుకున్నప్పుడు ఏమి చేశాయి? పాకవిధిని దించుకొని ఊరుకోలేదు. బర్టన్‌కు వెళ్ళి అక్కడ కార్ఖానాలు కట్టుకున్నాయి. కాగితం మీద ఉన్నది వేరే ఊరి నీటికి వ్రాసినదని వారికి తెలిసింది. తరువాత రసాయనశాస్త్రం పెరిగి, నీటికి జిప్సం చేర్చుకోవడం అందరికీ తెలిసింది.

పోర్ట్‌లాండ్ నీరు బుల్ రన్ అనే అటవీ పరీవాహక ప్రాంతం నుంచి వస్తుంది. మహా మెత్తని నీరు. ఖనిజాలు దాదాపు లేవు. శుద్ధికి క్లోరమిన్ కలుపుతారు. వేరే ఊరివాడు వ్రాసిన పాకవిధిలో ఈ సంగతి ఉండదు. క్లోరమిన్‌ను తొలగించకపోతే బీరుకు ఆసుపత్రి వాసన పడుతుంది. ఖనిజం చేర్చకపోతే చేదు మొద్దుబారుతుంది. వాడి కుండ, వాడి మంట, వాడి గింజలు మరపట్టిన తీరు, వాటి నుంచి వచ్చే రాబడి, అన్నీ వేరు. మీరు దించుకున్నది ఇంకొకరి సమస్యకు సమాధానం. మీ ప్రశ్న ఏమిటో మీరు ఇంకా వేసుకోనే లేదు.

సరే, రూపొందించడమంటే ఏమిటో చెప్పకుండా జగడమాడితే అది శుష్కవాదమవుతుంది. మేమిద్దరం ఆ గరాజులో చేసినది చెబుతాను. లెక్క నాది, చెయ్యి వాడిది, రుచి వాడి స్నేహితులది.

ముందు గింజల జోలికి పోలేదు. "ఏమి కావాలిరా నీకు? ఒక్క వాక్యంలో చెప్పు, కర్త, కర్మ, క్రియ ఉండాలి" అన్నాను. చాలాసేపు ఆలోచించి చెప్పాడు: "చేదు ముందు తెలియాలి, పంపరపనస తొక్క వాసన రావాలి, వెనక సన్నగా బిస్కట్టు రుచి ఉండాలి, తీపి మిగలకూడదు." ఇంత స్పష్టంగా చెప్పినవాడికి సగం పని అయినట్లే. మిగిలినదంతా ఆ వాక్యానికి వ్యాఖ్యానం.

పంపరపనస వాసన అన్నాడు గనుక హాప్ తేలింది: క్యాస్కేడ్. ఒరెగాన్ పరిశోధనలలోనే పుట్టి 1972లో విడుదలైన రకం. కాలిఫోర్నియాలోని చికో పట్టణంలో సియెర్రా నెవాడా వారు 1980 దశకపు ఆరంభంలో తమ పేల్ ఏల్‌ను తెచ్చినప్పుడు దానికి సంతకంలా నిలిచిన సువాసన ఇదే. ఆ సంస్థను స్థాపించిన కెన్ గ్రాస్‌మన్ ఇంట్లో బీరు కాచుకుంటూ మొదలైనవాడే. బ్రిటిష్ వారి తరహాకు అమెరికా పూలు పెట్టి అది తమదే అనిపించారు. నకలు చేసి ఉంటే ఇంగ్లిషు ఏల్‌కు ఇంకొక నీడ పుట్టేది. ఆలోచించారు గనుక ఒక కొత్త తరహాకే పేరు పడింది. ఒకే హాప్ చాలునా అన్నాడు మా వాడు. ఒకే రాగంలో గంటసేపు పాడేవాళ్ళు లేరా అన్నాను.

తరువాత బలం. 19 లీటర్ల కాపు. ఈస్ట్ వేయడానికి ముందు ద్రవం సాంద్రత 1.050 ఉండాలనుకున్నాం. 1.000 అనేది నీరు గనుక పైనున్న 50ని లెక్కకు తీసుకుంటే, 19 లీటర్లకు 950 అంశాలు కావాలి. కిలో పేల్ మాల్ట్ పూర్తిగా కరిగితే సుమారు 300 అంశాలు ఇస్తుంది. క్రిస్టల్ మాల్ట్ 280. కాని ఇంటి సామగ్రితో మొత్తం రాదు. మా వాడి పాత లెక్కలు చూస్తే రాబడి 72 శాతం తేలింది. 4 కిలోల పేల్ మాల్ట్, 400 గ్రాముల క్రిస్టల్ వేస్తే 1200, 112 కలిపి 1312. అందులో 72 శాతం సుమారు 945. సరిపోయింది. ఈస్ట్ తినవలసినది తిని 1.012 దగ్గర ఆగితే ఆల్కహాలు సుమారు 5 శాతం. ఎనిమిది గింజలు పోయి రెండు మిగిలాయి. బిస్కట్టు రుచి, తేనె రంగు ఆ 400 గ్రాముల పని. అంతకు మించి వేస్తే తీపి మిగులుతుంది, వాక్యం తప్పుతుంది.

తరువాత చేదు. హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాలు మరిగేకొద్దీ రూపం మారి చేదునిస్తాయి. అదే మరుగుడులో సువాసన తైలాలు ఆవిరైపోతాయి. అందుచేత ఒకే పువ్వు ముందు వేస్తే చేదు, చివర వేస్తే వాసన. దీన్ని మా ఆవిడకు వివరించవలసిన అవసరమే రాలేదు. "రసంలో మిరియం ముందు వేస్తాం, కొత్తిమీర దించాక వేస్తాం, ఇందులో వింతేముంది?" అన్నది. క్యాస్కేడ్‌లో ఆల్ఫా ఆమ్లం 6 శాతమనుకుంటే, గంట మరిగే 35 గ్రాములు టిన్‌సెత్ సూత్రం ప్రకారం 25 ప్రమాణాల చేదు ఇస్తాయి. చివరి పది నిమిషాలకు వేసిన 30 గ్రాములు 8 ప్రమాణాలు. మొత్తం 33. పొయ్యి ఆర్పిన తరువాత వేసే ఇంకొక 30 గ్రాములు వాసనకు. సాంద్రత 50, చేదు 33. అంటే మూడింట రెండు వంతులు. చేదు ముందు తెలుస్తుంది, అయినా ఏడిపించదు.

తరువాత నీరు. పొటాషియం మెటాబైసల్ఫైట్ బిళ్ళతో క్లోరమిన్ పోగొట్టి, మొత్తం 28 లీటర్ల నీటికి 7 గ్రాముల జిప్సం. లీటరుకు సుమారు 140 మిల్లీగ్రాముల సల్ఫేట్ చేరుతుంది. బర్టన్ నీటిలో ఇంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. మాకు బర్టన్ అక్కరలేదు.

ఆ తరువాత వేడి. నలగగొట్టిన గింజలను గంటసేపు 66 డిగ్రీల నీటిలో ఉంచాలి. వేడి అంతకు తగ్గితే ఈస్ట్ తినగలిగే చక్కెరలు ఎక్కువై బీరు పలచబడుతుంది; 69, 70కి పెరిగితే తినలేనివి మిగిలి చిక్కదనం వస్తుంది. "తీపి మిగలకూడదు" అన్న మాటకు 66 సమాధానం. చివరగా ఈస్ట్. తన రుచిని చొప్పించకుండా శుభ్రంగా పనిచేసే అమెరికన్ ఏల్ ఈస్ట్, 18 నుంచి 20 డిగ్రీల మధ్య రెండు వారాలు. మన నెల్లూరు మేనెల వేడికి దాన్ని వదిలితే ఘాటైన ఆల్కహాలులు పుట్టి తలనొప్పి మిగులుతుంది.

చూడండి, మిత్రమా. ఈ పట్టికలో రెండు గింజలు, ఒక హాప్, ఒక ఈస్ట్, ఒక చిటికెడు ఖనిజం. ఏ పంక్తి మీద వేలు పెట్టి "ఎందుకు?" అన్నా మా వాడు తడుముకోకుండా చెబుతాడు. పట్టిక పాకమయ్యేది అక్కడ. ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని మన వాళ్ళు కావ్యానికి వంటింటి మాట వాడింది ఊరికే కాదు. అవే మాటలు, అదే నిఘంటువు. ఎంత వేడి, ఎంతసేపు, ఏది ముందు, ఏది వెనక అన్న వివేకమే పాకం. క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణమన్నాడు. విలువైన హాప్స్ ఐదూ ఒకే కుండలో పోసినవాడు, నగలన్నీ ఒకేసారి పెట్టుకొని పెళ్ళికి వచ్చినవాడి వంటివాడు. సంపద కనిపిస్తుంది, మనిషి కనిపించడు.

"ఈ లెక్కలన్నీ సాఫ్ట్‌వేరు చేస్తుంది గదా, ఇప్పుడు కృత్రిమ మేధను అడిగితే పట్టిక కూడా అదే ఇస్తుంది గదా" అని మీరు తప్పక అంటారు. చేస్తుంది. ఇస్తుంది. మా వాడి పాడైపోయిన ఎనిమిది గింజల బీరుకు కూడా సాఫ్ట్‌వేరు ఆకుపచ్చ గుర్తులే వేసింది. సాంద్రత హద్దులో ఉన్నది, చేదు హద్దులో ఉన్నది, రంగు హద్దులో ఉన్నది. గణాలు సరిపోయాయని ఛందస్సు చెబుతుంది. పద్యం బాగున్నదని చెప్పడం దాని పని కాదు. నేను యంత్రానికి శత్రువును కాను. కీబోర్డు మీద తెలుగు కొట్టడం యాభైయవ పడికి దగ్గరలో నేర్చుకున్నవాణ్ణి. లెక్క దానికి వదలండి. ఏమి కావాలో చెప్పే ఆ ఒక్క వాక్యం మాత్రం మీరే వ్రాయండి.

నకలు వ్రాయడం పూర్తిగా తప్పని నేను అనను. చూచివ్రాత లేకుండా ఎవరికీ అక్షరం కుదరలేదు. మొదటి రెండు కాపులు ఎవరి పాకవిధినైనా పట్టుకొని కాయవలసినదే. చేతికి పని అలవాటు కావాలి. కాని చూచివ్రాత పుస్తకాన్నే జీవితాంతం వ్రాస్తూ కూర్చున్నవాణ్ణి అక్షరాస్యుడంటారేమో గాని, రచయిత అనరు.

మొదటి కాపు నాలుగు వారాలకు సిద్ధమైంది. స్నేహితులు వచ్చారు. నేను రుచి చూడలేదు. గ్లాసు అందుకొని వాసన మాత్రం చూశాను. పంపరపనస ఉన్నది. "చేదు బాగుంది, కాని వెనక ఇంకా కొంచెం తీపి తగులుతోంది" అన్నాడు వారిలో ఒకడు. మా వాడు వెంటనే మరొక హాప్ పేరెత్తబోయాడు. చెయ్యి పట్టుకొని ఆపాను. ఒక కాపుకు ఒక్క మార్పు. రెండు మారిస్తే ఏది కారణమో ఎన్నటికీ తెలియదు. క్రిస్టల్ 400 నుంచి 250కి తగ్గించి మిగతాదంతా అలాగే ఉంచాడు. రెండవ కాపు తాగినవాళ్ళు గ్లాసులు మళ్ళీ నింపుకున్నారు.

ఆ గ్లాసులు మళ్ళీ నిండటం చూసి నాకు సంతోషం కలిగింది. దానితో పాటే గుండెలో ఒక ముల్లు కూడా గుచ్చుకుంది. దాచను. నాకు మా బావ గుర్తుకు వచ్చాడు. ఆ రాత్రి మా వాడు మూడవ కాపుకు పుట సిద్ధం చేసి, అలవాటుగా దిద్దమని నాకు ఇచ్చాడు. గింజలు చూశాను, హాప్స్ చూశాను, నీరు చూశాను. అన్నిటికీ పక్కన కారణం వ్రాసి ఉన్నది. చివరన 19 లీటర్లు అన్న అంకె మీద వేలు పెట్టి, "ఇది ఎందుకు?" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "అందరూ అంతే కాస్తారు నాన్నా" అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక వాడికే నవ్వు వచ్చింది. పుస్తకం తీసుకొని, స్నేహితులు నెలకు ఎన్నిసార్లు వస్తారో, తలా ఎంత తాగుతారో లెక్క వేసి, 19ని కొట్టివేసి తొమ్మిదిన్నర అని వ్రాశాడు. మిగతా అంకెలన్నీ సగం చేశాడు.

కనుక మొదటి మిత్రుడికి నా తుది సమాధానం ఇది. మా బావను చంపిన సారాను ఎవరూ "ఇది ఎందుకు, ఇంత ఎందుకు?" అని అడగలేదు. దూబగుంట స్త్రీలు అడిగారు. ప్రతి గింజకూ కారణం అడగడం నేర్చుకున్నవాడు ఏదో ఒకనాడు గ్లాసుకూ కారణం అడుగుతాడన్నది నా ఆశ. హామీ కాదు, తండ్రిగా ఆశ మాత్రమే. రెండవ మిత్రుడికి: మీరు దించుకున్న రెసిపీ ఒకసారి తీయండి. ఒక్కొక్క పంక్తి మీద వేలు పెట్టి ఎందుకని అడగండి. జవాబు రాని ప్రతి పంక్తినీ కొట్టివేయండి. చివరకు కాగితం మీద ఏమీ మిగలకపోతే కంగారు పడకండి. మీ సొంత పాకవిధి అక్కడ మొదలవుతుంది.

స్వస్తి.